ఇంటి షెడ్డుకు హైడ్రాలిక్ ప్రెస్: టన్నుల కంటే ముందు ఫ్రేమ్ చూడండి

మా ఇంటి వెనక రేకుల షెడ్డులో ఒక ఆదివారం బైకు ముందు చక్రం బేరింగ్ మార్చాను. పాతదాన్ని రాడ్డు పెట్టి సుత్తితో కొట్టి తీశాను. కొత్తదాని మీద చెక్కముక్క పెట్టి, మళ్ళీ సుత్తితోనే కొట్టి దించాను. చక్రం బాగానే తిరిగింది. మూడు నెలలు గడవకముందే అక్కడి నుంచి గుర్రుమని చప్పుడు మొదలైంది. బేరింగ్ తీసి, పగలగొట్టి చూస్తే బాల్స్ తిరిగే గాడిలో, ఒక్కో బాల్ ఆనిన చోట ఒక్కో చిన్న గుంట పడి ఉంది. హబ్‌లోకి (చక్రం మధ్య భాగంలోకి) బిగుతుగా దిగే బేరింగ్‌ను దాని బయటి రింగు మీద మాత్రమే నొక్కాలి. నా చెక్కముక్క లోపలి రింగు మీద కూడా ఆనింది. ప్రతి దెబ్బా లోపలి రింగు నుంచి బాల్స్‌కి, బాల్స్ నుంచి బయటి రింగుకి వెళ్ళింది. ఆ గుంటలు అలా పడ్డవే.

రెండోసారి చక్రాన్ని విజయవాడ ఆటోనగర్‌లో ఒక లేత్ షాపుకి తీసుకెళ్ళాను. అక్కడి మేస్త్రి బయటి రింగుకి సరిగ్గా సరిపోయే పైపుముక్క ఒకటి ఏరి, నూనె ఒత్తిడితో నొక్కే యంత్రం, అంటే హైడ్రాలిక్ ప్రెస్ కింద నిలబెట్టి, హ్యాండిల్‌ను నాలుగైదు సార్లు ఊపాడు. బేరింగ్ చప్పుడు లేకుండా కూర్చుంది. నాకూ ఒక ప్రెస్ ఉండాలని ఆ రోజే అనిపించింది.

కొన్నాను కూడా. ముందు వైపు ‘20 టన్నులు’ అని పెద్ద అక్షరాలతో రాసి ఉంటే అది చూసే కొన్నాను. కారు హబ్‌లో తుప్పు పట్టి బిగుసుకుపోయిన బేరింగ్‌ను తీయడానికి గట్టిగా నొక్కేసరికి బేరింగ్ కదల్లేదు కానీ, కింద దాన్ని మోస్తున్న బెడ్ చానెళ్ళు నడుం దగ్గర కిందికి వంగాయి. ప్రెస్‌లో నొక్కే పని చేసే జాకీలో 20 టన్నుల బలం నిజంగానే ఉంది. ఆ బలాన్ని మోసే శక్తి ఇనుములో లేదు. ప్రెస్ కొనేటప్పుడు ఏ క్రమంలో ఏం చూడాలో నాకు ఆ వంగిన బెడ్ దగ్గరే అర్థమైంది. ఇక్కడ రాస్తున్నది ఆ క్రమమే.

మెట్టు 1: మీ పనుల జాబితా రాసుకోండి

ఒక కాగితం మీద, గత ఏడాదిలో మీరు బయట చేయించుకొచ్చిన ప్రెస్ పనులు, వచ్చే ఏడాది రాబోయే పనులు రాయండి. మామూలుగా ఇళ్ళలో వచ్చేవి ఇవి: బైకు, స్కూటరు చక్రాల బేరింగ్‌లు, సస్పెన్షన్ బుష్‌లు, కారు ముందు హబ్ బేరింగ్‌లు, ప్రొపెల్లర్ షాఫ్టు క్రాస్‌లు, పొలం మోటార్ల బేరింగ్‌లు, వంగిన పట్టీలు సరిచేయడం. ఒక్కో పనికి ఎదురుగా అందులోని బేరింగ్ లేదా బుష్ కొలత రాయండి.

కొలత బేరింగ్ మీద ఉన్న నంబరులోనే ఉంటుంది. చివరి రెండు అంకెలు లోపలి రంధ్రాన్ని చెబుతాయి. 00 అంటే 10 మి.మీ., 01 అంటే 12, 02 అంటే 15, 03 అంటే 17. 04 నుంచి ఆ అంకెను 5తో గుణిస్తే చాలు. 6301 లోపల 12, బయట 37, వెడల్పు 12 మి.మీ. 6203 లోపల 17, బయట 40, వెడల్పు 12. పంపు మోటార్లలో తరచు కనిపించే 6206 లోపల 30, బయట 62, వెడల్పు 16.

ఇప్పుడు ఎంత బలం కావాలో ఒక చిన్న లెక్క. బేరింగ్ బయటి ఉపరితల వైశాల్యాన్ని, బిగుతు వల్ల పుట్టే ఒత్తిడితో, ఆపైన రాపిడి గుణకంతో గుణించాలి. 6301కి ఉపరితలం సుమారు 1,400 చదరపు మి.మీ. అల్యూమినియం హబ్‌లో ఒక్కో చదరపు మి.మీ.కి 20 న్యూటన్ల ఒత్తిడి, 0.12 రాపిడి అనుకుంటే 3,300 న్యూటన్లు వస్తాయి. అంటే 350 కిలోల లోపే. 35 మి.మీ. రంధ్రం, 72 మి.మీ. బయటి వ్యాసం, 33 మి.మీ. వెడల్పు ఉన్న కారు హబ్ బేరింగ్ తీసుకోండి. ఉపరితలం దాదాపు 7,500 చదరపు మి.మీ. ఉక్కులో ఉక్కు కాబట్టి ఒత్తిడి రెట్టింపు, 0.15 రాపిడి అనుకుంటే నాలుగున్నర టన్నులు తేలుతుంది. ఇది కొత్త బేరింగ్‌ను శుభ్రమైన రంధ్రంలోకి దించే లెక్క. పదేళ్ళు తుప్పు పట్టినదాన్ని బయటికి తోయాలంటే దీనికి రెండు మూడు రెట్లు పడుతుంది. మీ జాబితాలో కారు హబ్ ఉందా లేదా అన్న ఒక్క ప్రశ్నే ప్రెస్ సైజును దాదాపు తేల్చేస్తుంది.

బైకు క్రాంక్ గురించి ఒక మాట. మన 100, 125 సీసీ బండ్లలో క్రాంక్ ముక్కలుగా చేసి, పిన్‌ను ప్రెస్‌తో దించి కలిపినదే. కనెక్టింగ్ రాడ్ మార్చాలంటే దాన్ని విడదీసి మళ్ళీ కలపాలి. ప్రెస్ ఉంటే నొక్కడం తేలికే. కానీ కలిపాక రెండు వైపుల షాఫ్టులు ఒకే గీత మీద ఉన్నాయో లేదో సెంటర్ల మధ్య తిప్పి, డయల్ గేజ్‌తో చూసి, సరిచేయాలి. ఆ పరికరాలు, ఆ చెయ్యి లేకుండా క్రాంక్ పని ఇంట్లో పెట్టుకోవద్దు. దాన్ని జాబితాలోంచి కొట్టేయండి.

మెట్టు 2: ఏ ఆకారం?

పళ్ళచక్రం, పళ్ళ కడ్డీతో పనిచేసే చేతి ప్రెస్‌లో హైడ్రాలిక్ ఉండదు. ఒకటి రెండు టన్నుల బలం ఇస్తుంది. చిన్న బుష్‌లకి, మిక్సీ మోటారు బేరింగ్‌లకి బాగుంటుంది. అక్కడితో సరి. బల్ల మీద పెట్టుకునే చిన్న హైడ్రాలిక్ ప్రెస్ 6 నుంచి 12 టన్నుల దాకా దొరుకుతుంది. దాని ఇబ్బంది ఎత్తు. స్టీరింగ్ నకిల్‌తో (హబ్‌ను పట్టి ఉంచే భాగంతో) సహా హబ్‌ను పెట్టాలంటే అందులో పట్టదు.

నేల మీద నిలబడే ‘హెచ్’ ఆకారం ప్రెస్ ఇంటికి సరైనది. రెండు నిలువు కాళ్ళు, పైన అడ్డదూలం, మధ్యలో పిన్నుల మీద కూర్చుని పైకీ కిందికీ మార్చుకోగల బెడ్. షెడ్డులో రెండడుగుల వెడల్పు, రెండడుగుల లోతు స్థలం చాలు. ముందు వైపు మాత్రం మీరు నిలబడి హ్యాండిల్ ఊపేంత జాగా వదలండి.

మెట్టు 3: ఎన్ని టన్నులు?

బైకులు, స్కూటర్లు, పొలం మోటార్లు మాత్రమే అయితే 10 లేదా 12 టన్నులు చాలు. కారు హబ్‌లు కూడా ఉంటే 20 టన్నులు తీసుకోండి. 30, 50 టన్నులు లారీ, ట్రాక్టరు పని చేసే షాపులకి. ఎక్కువ టన్నులు ఉంటే మంచిదే కదా అనిపిస్తుంది. నేను అలా అనుకోను. దానికి కారణం పంపులో ఉంది.

జాకీలో రెండు పిస్టన్లు ఉంటాయి. హ్యాండిల్ నొక్కే చిన్నది ఒకటి, పని మీద నొక్కే పెద్దది ఒకటి. నూనెలో ఒత్తిడి అంతటా ఒకటే కాబట్టి వైశాల్యం ఎన్ని రెట్లు పెద్దదైతే బలం అన్ని రెట్లు పెరుగుతుంది. కదలిక అన్ని రెట్లు తగ్గుతుంది. పంపు పిస్టన్ వ్యాసం 12 మి.మీ., కదలిక 20 మి.మీ. అనుకోండి. ఒక ఊపుకి రెండుంపావు సీసీ నూనె తోస్తుంది. పెద్ద సిలిండర్ బోర్ 60 మి.మీ. అయితే వైశాల్యం 28.3 చదరపు సెం.మీ. అంటే ఒక్కో ఊపుకి ర్యామ్ (పని మీద నొక్కే కడ్డీ) 0.8 మి.మీ. మాత్రమే దిగుతుంది. 100 మి.మీ. దిగాలంటే 125 ఊపులు! టన్నులు పెరిగేకొద్దీ ఊపులూ పెరుగుతాయి. బేరింగ్ కూర్చుంటున్నప్పుడు చేతికి తెలిసే ఆ సన్నని బిగుతు కూడా పోతుంది. 50 టన్నుల ప్రెస్ మీద చిన్న 6301 దించుతుంటే, అది అడుగుకి ఆనిందో లేదో చేతికి తెలిసేలోపే హబ్ పగలొచ్చు.

60 మి.మీ. బోర్, 700 బార్ ఒత్తిడి (ఒక బార్ అంటే చదరపు సెం.మీ.కి సుమారు ఒక కిలో) కలిస్తే దాదాపు 20 టన్నులు. ఈ లెక్క గుర్తుంచుకోండి. అమ్మేవాళ్ళు చెప్పే టన్నులు నిజమో కాదో దీంతోనే తేలుతుంది. 50 మి.మీ. బోర్ ఉన్న సిలిండర్‌ను అదే 700 బార్‌కి నడిపితే 14 టన్నులే వస్తుంది. బోర్ అంటే బయటికి కనిపించే కడ్డీ వ్యాసం కాదు, లోపల నూనె నొక్కే పిస్టన్ వ్యాసం. కాబట్టి అడిగి తెలుసుకోండి.

అమెరికాలో ఉండి ఇంటి గరాజ్‌కి కొనేవాళ్ళకి రెండు తేడాలు. అక్కడి టన్ను 2,000 పౌండ్లు. 20 టన్నులంటే 40,000 పౌండ్లు, మన లెక్కలో 18.1 టన్నులు. ఒత్తిడి చూపే గేజ్ మీద 10,000 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) కనిపిస్తే అది సుమారు 690 బార్. ఇంకొకటి, చలికాలం రోడ్ల మీద ఉప్పు చల్లే న్యూజెర్సీ, మిషిగన్ లాంటి చోట్ల కారు హబ్‌లు మన దగ్గరకంటే ఎక్కువగా తుప్పు పడతాయి. అక్కడ 20 టన్నులకి తక్కువ తీసుకోవద్దు.

మెట్టు 4: ఫ్రేమ్. అసలు కొనేది దీన్నే

జాకీ పాడైతే రేపు ఇంకోటి బిగించుకోవచ్చు. ఫ్రేమ్ వంగితే ప్రెస్ మొత్తం పోయినట్టే. అందుకే ఎక్కువసేపు ఇక్కడే గడపండి. కొట్టుకి టేపు, వెర్నియర్ కాలిపర్, ఒక అడుగు స్టీలు స్కేలు తీసుకెళ్ళండి.

ముందు బెడ్ చూడండి. మన దగ్గర తయారయ్యే ప్రెస్‌లలో బెడ్ అంటే పక్కపక్కన పెట్టిన రెండు ‘సి’ చానెళ్ళు. ఈ చానెళ్ళను ఐఎస్ఎంసీ 100, 125, 150 అని పిలుస్తారు. ఆ అంకె చానెల్ ఎత్తు, మి.మీ.లలో. టేపు పెడితే ఏది వాడారో వెంటనే తెలుస్తుంది. ఇప్పుడు నా బెడ్ ఎందుకు వంగిందో చూడండి.

రెండు కాళ్ళ మధ్య దూరం 500 మి.మీ., సరిగ్గా మధ్యలో 20 టన్నుల బరువు. వంచే మొమెంటు 24.5 కిలోన్యూటన్ మీటర్లు. వంపును తట్టుకునే సెక్షన్ మాడ్యులస్ ఐఎస్ఎంసీ 100కి సుమారు 38, 125కి సుమారు 67, 150కి సుమారు 104 ఘనపు సెం.మీ. రెండు చానెళ్ళు కాబట్టి రెట్టింపు. భాగిస్తే 100 జతలో ఒత్తిడి 320 న్యూటన్లు దాటుతుంది, 125 జతలో 183, 150 జతలో 118, ఒక్కో చదరపు మి.మీ.కి. మామూలు స్ట్రక్చరల్ స్టీలు 250 దగ్గర శాశ్వతంగా వంగిపోతుంది. అంటే 100 చానెళ్ళ బెడ్ 20 టన్నుల పేరు మోయలేదు. 15 టన్నులు దాటగానే వంగుతుంది. నాది 100 చానెళ్ళ బెడ్డే. 125 నిలబడుతుంది కానీ మిగులు తక్కువ. 150 అయితే రెండు రెట్లకి పైగా భద్రత ఉంది. 20 టన్నుల ప్రెస్‌కి 150 బెడ్ అడగండి. కింద మందమైన ప్లేట్లు వేస్తే బరువు కొంత విస్తరించి లెక్క కాస్త మెరుగవుతుంది. కానీ ఆ మెరుగును నమ్ముకుని చిన్న చానెల్ కొనకండి.

కాళ్ళ మధ్య వెడల్పు తగ్గితే వంచే మొమెంటు కూడా అదే నిష్పత్తిలో తగ్గుతుంది. ఇల్లు అనగానే ‘ఎప్పుడైనా పెద్దది పెడతామేమో’ అని వెడల్పు ప్రెస్ చూస్తాం. మీ జాబితాలోని అతి పెద్ద వస్తువు 400 మి.మీ. అయితే 500 చాలు. 700 వద్దు.

తరవాత పైన అడ్డదూలం. బెడ్ మోసినంత బరువు అదీ మోస్తుంది. కొన్నిచోట్ల బెడ్ బలంగా ఉండి, కంటికి కనపడని పైదూలం మాత్రం సన్నగా ఉంటుంది. తల పైకెత్తి అక్కడ కూడా టేపు పెట్టండి.

పిన్నులు. బెడ్ ఒక్కో కాలి దగ్గర ఒక్కో పిన్ను మీద ఆనితే ఒక్కోదాని మీద పది టన్నులు. పిన్ను రెండు చోట్ల కోతకు గురవుతుంది. 20 మి.మీ. మైల్డ్ స్టీలు పిన్నులో ఒత్తిడి 156 న్యూటన్లకి చేరుతుంది. ఆ ఇనుము కోతలో 144 దగ్గరే లొంగుతుంది. 25 మి.మీ. పిన్నులో అది 100కి దిగుతుంది. కాబట్టి వెర్నియర్ పెట్టి 25 మి.మీ.కి తక్కువ ఉంటే వద్దనండి. పిన్ను దూరే రంధ్రాలు గ్యాస్‌తో కోసినవా, డ్రిల్లుతో వేసినవా చూడండి. గ్యాస్ రంధ్రం గుండ్రంగా ఉండదు. రెండు వైపులా ఒకే ఎత్తులో కూడా ఉండదు.

ఎత్తులో తేడా ఎందుకు ముఖ్యమంటే, బెడ్ ఒక పక్కకి రెండు మి.మీ. ఒరిగినా బేరింగ్ వంకరగా దిగుతుంది. స్కేలు కన్నా ర్యామే నిజం చెబుతుంది. ర్యామ్‌ను కిందికి దించి, బెడ్ మీద రెండు చానెళ్ళకీ అడ్డంగా మందపాటి చదునైన ప్లేటు వేసి, ర్యామ్‌కీ ప్లేటుకీ మధ్య మూలమట్టం పెట్టండి. నాలుగు వైపులా వెలుతురు సందు కనిపించకూడదు. ఫ్రేమ్ మూలలకి టేపు పట్టి రెండు కర్ణాలూ కొలవండి. రెండూ సమానంగా రావాలి.

వెల్డింగ్ చూడటానికి వెల్డర్ కానక్కర్లేదు. గీత ఆగకుండా ఒకే వెడల్పులో సాగాలి. మధ్యలో చిన్న చిన్న బెజ్జాలు, గీత పక్కన ఇనుము తినేసిన గాడి ఉండకూడదు. పైదూలం కాళ్ళకి వెల్డు ఒక్కదాని మీదే వేలాడకుండా, వెల్డుతో పాటు బోల్టులు గానీ అడుగున ఆధారం గానీ ఉంటే ఇంకా మంచిది. పెయింటు కింద లప్పం పెట్టి నునుపు చేసిన వెల్డు కనిపిస్తే ఆ ప్రెస్‌ను వదిలేయండి.

చివరగా బరువు అడగండి. 150 చానెల్ ఒక్కటే మీటరుకి 16 కిలోలకి పైగా ఉంటుంది. నిజమైన 20 టన్నుల నేల ప్రెస్ జాకీతో కలిపి 100 కిలోలకి దగ్గరగా తూగాలి. 50 కిలోలు తూగే ప్రెస్ మీద 20 టన్నులని రాసి ఉంటే ఇనుము ఎక్కడ తగ్గించారో వెతకండి.

మెట్టు 5: జాకీ, పంపు, గేజ్

చవకగా దొరికేవాటిలో బాటిల్ జాకీ ఉంటుంది, లారీ కింద పెట్టేదే. దాన్ని తలకిందులుగా బిగించకూడదు. పంపు నూనెను అడుగు నుంచి పీల్చుకుంటుంది. తిరగేస్తే గాలి పీలుస్తుంది. అందుకే మంచి తయారీదారు జాకీని నిలువుగానే ఉంచి, అది పైదూలాన్ని తన్నుతూ తన కింద ఉన్న కదిలే దూలాన్ని కిందికి నెట్టేలా అమరుస్తాడు. రెండు స్ప్రింగులు దాన్ని తిరిగి పైకి లాగుతాయి. ఇది పనిచేస్తుంది. కాకపోతే కదిలే దూలం కాస్త ఊగుతుంది.

నా ఓటు విడి సిలిండర్‌కే. సిలిండర్ పైన ఉంటుంది, పంపు పక్కన కాలికి, హోస్ పైపు మధ్యలో. హ్యాండిల్ నడుము ఎత్తులో ఉంటుంది కాబట్టి ముఖం పని మీదికి వంచనక్కర్లేదు. రెండు దశల పంపు అయితే బరువు లేనప్పుడు ర్యామ్ వేగంగా దిగుతుంది, బరువు తగలగానే నెమ్మదిస్తుంది. పైన చెప్పిన 125 ఊపుల బాధ తీరుతుంది. కంప్రెసర్‌తో నడిచేవీ ఉన్నాయి. వారానికి ఒకసారి పని చేసేవాళ్ళకి అవి అనవసరం. పైగా చేతికి తెలిసే బిగుతు వాటిలో అస్సలు తెలియదు.

గేజ్ తప్పకుండా ఉండాలి. గేజ్ లేని ప్రెస్ మీద మీరు ఎంత నొక్కుతున్నారో తెలియదు. నా బెడ్ వంగిన రోజు నా ప్రెస్‌కి గేజ్ లేదు. 60 మి.మీ. బోర్‌కి, గేజ్ మీద ప్రతి 100 కిలోలు పర్ చదరపు సెం.మీ.కి 2.8 టన్నులు. ఈ లెక్కను ఒక చిన్న పట్టికగా రాసి కాలికి అంటించండి. కదలాల్సిన వస్తువు కదలకుండా గేజ్ ముల్లు మాత్రం పెరుగుతూ ఉంటే, ఎక్కడో సర్‌క్లిప్ (బేరింగ్ జారకుండా పట్టి ఉంచే స్ప్రింగు రింగు) తీయడం మరిచిపోయారేమో చూడండి. చాలాసార్లు అదే కారణం.

సీల్ కిట్ (నూనె కారకుండా ఆపే రబ్బరు సీళ్ళ సెట్టు) దొరుకుతుందా అని కొనకముందే అడగండి. ‘ఎప్పుడైనా తెప్పిస్తాం’ అంటే దొరకదని అర్థం.

మెట్టు 6: కొట్లో పరీక్ష

సికింద్రాబాద్ రాణీగంజ్‌లో గానీ, విజయవాడ ఆటోనగర్‌లో గానీ నాలుగు కొట్లు తిరిగే ఓపిక ఉంచుకోండి. వెళ్ళేటప్పుడు పాత హబ్, పాత బేరింగ్ వెంట తీసుకెళ్ళండి. ముందే నిలబెట్టి ఉన్న ప్రెస్ మీద మీ బేరింగ్‌ను మీరే దించి తీయండి.

తరవాత ఒత్తిడి నిలబడుతుందో లేదో చూడాలి. బెడ్ మీద రెండు మందపాటి ప్లేట్లు వేసి, ప్రెస్ బలంలో సగం దాకా నొక్కి, హ్యాండిల్ వదిలేసి అయిదు నిమిషాలు గేజ్ చూడండి. మొదట్లో కొంచెం దిగడం మామూలే. ఆగకుండా దిగుతూనే ఉంటే వాల్వు గానీ సీల్ గానీ కారుతోంది. అదే సమయంలో బెడ్ కింద దారం లాగి పట్టి వంపు చూడండి. బరువు మీద ఒక మి.మీ. లోపు వంగడం సహజం. ఒత్తిడి వదిలాక పూర్తిగా తిరిగి రావాలి. రాకపోతే బేరం అక్కడే ఆపేయండి. ఈ పరీక్షకి ఒప్పుకోని కొట్లో కొనకండి.

రిలీజ్ వాల్వు కొద్దికొద్దిగా తిప్పుతూ చూడండి. ర్యామ్ నెమ్మదిగా పైకి వెళ్ళాలి. ఒక్కసారిగా వదిలేసేది వేళ్ళకి ప్రమాదం.

మెట్టు 7: వెల్డింగ్ షాపులో చేయించుకుంటే

మన ఊళ్ళలో చాలామంది ఇలాగే చేయిస్తారు, ఇనుము కిలో లెక్కన కొని. మంచి వెల్డర్ తెలిసుంటే ఇది మంచి దారి. 150 చానెల్ బెడ్, 150 పైదూలం, డ్రిల్లుతో వేసిన రంధ్రాలు, 25 మి.మీ. పిన్నులు అని ముందే రాసివ్వండి. పాత ఇనుము కొట్టులో దొరికే గర్డర్లు వాడేటప్పుడు తుప్పు తిన్న మందం కొలవండి. కాళ్ళ రెండింటికీ రంధ్రాలు ఒకేసారి, ఒకదాని మీద ఒకటి పెట్టి బిగించి వేయిస్తే ఎత్తులు సరిపోతాయి. వెల్డు వేడికి ఫ్రేమ్ లాగేస్తుంది కాబట్టి ముందు చుక్కలు పెట్టి, కర్ణాలు కొలిచి, అప్పుడే పూర్తి వెల్డు వేయమనండి. వెల్డర్ మీద నమ్మకం లేకపోతే తయారైనదే కొనండి. ఇది నిచ్చెన కాదు, తలెత్తు దగ్గర 20 టన్నుల బలం.

మెట్టు 8: ప్లేట్లు, స్లీవులు

ప్రెస్‌తో వచ్చే రెండు నల్ల ప్లేట్లు పోత ఇనుమువైతే పక్కన పెట్టేయండి. పోత ఇనుము వంగదు, పగులుతుంది. పగిలితే ముక్కలు దూసుకొస్తాయి. 25 లేదా 32 మి.మీ. మందం మైల్డ్ స్టీలు ప్లేట్లు రెండు కోయించుకోండి. ఒక దాంట్లో వివిధ సైజుల్లో అర్ధచంద్రాకారపు గాట్లు పెట్టించండి. బేరింగ్ కింది నుంచి షాఫ్టును తోయడానికి అవి కావాలి.

స్లీవులు, అంటే బేరింగ్ మీద పెట్టి నొక్కే పైపుముక్కలు, లేత్ షాపులో తిప్పించుకోవడం ఉత్తమం. 37 మి.మీ. బేరింగ్‌కి 36.5 మి.మీ. బయటి వ్యాసం, లోపల రింగును తాకని రంధ్రం. మీ జాబితాలో ఉన్న ప్రతి బేరింగ్‌కి ఇలా ఒకటి చేయించి, నంబరు పంచ్ కొట్టించండి. పాత బేరింగ్ బయటి రింగును గ్రైండర్‌తో ఒక వెంట్రుక మందం తగ్గించి వాడేవాళ్ళూ ఉన్నారు. తక్కువ బలానికి పర్వాలేదు, ఎక్కువ బలానికి వద్దు. అది గట్టిపరచిన ఉక్కు, పగిలితే ప్రమాదం. పానా సాకెట్లను స్లీవులుగా వాడటం కూడా అలాగే మానేయండి.

మెట్టు 9: నిలబెట్టడం, మొదటి పని

సిమెంటు గచ్చు మీద నాలుగు మూలలా యాంకర్ బోల్టులు వేయండి. ప్రెస్ బలం ఫ్రేమ్ లోపలే తిరుగుతుంది కాబట్టి నేల మీద 20 టన్నులు పడవు. కానీ పైన బరువున్న ఫ్రేమ్ హ్యాండిల్ ఊపుకి ముందుకి ఒరగొచ్చు. బోల్టులు అందుకోసం. ముందు వైపు మందపాటి పాలీకార్బనేట్ షీటు తలుపులా వేలాడదీయండి. కళ్ళద్దాలు తప్పనిసరి. పిల్లలు ఆడుకునే ఇంట్లో అయితే పని అయిన వెంటనే హ్యాండిల్ తీసి పైన దాచండి.

హోస్ దగ్గర సన్నగా నూనె చిమ్ముతున్నట్టు అనిపిస్తే చేత్తో తడమకండి. వందల బార్ల ఒత్తిడితో వచ్చే సన్నని ధార చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. పైకి సూదిగుచ్చినంతే కనిపించినా వెంటనే ఆసుపత్రికి వెళ్ళాల్సిన గాయం అది. అట్టముక్క అడ్డం పెట్టి చూడండి, లేదా ఒత్తిడి వదిలేసి బిగించండి. కారు సస్పెన్షన్ స్ప్రింగును ప్రెస్ కింద నొక్కే ప్రయత్నం ఎప్పుడూ చేయకండి.

మొదటి పనిగా బైకు చక్రం బేరింగ్ పెట్టుకోండి. కొత్త బేరింగ్‌ను రాత్రి ఫ్రీజరులో ఉంచండి, కవరులో కట్టి. అల్యూమినియం హబ్‌ను హాట్ ఎయిర్ గన్‌తో గది వేడి కన్నా 70 డిగ్రీలు పెంచండి. 37 మి.మీ. రంధ్రం దాదాపు 0.06 మి.మీ. పెరుగుతుంది, బేరింగ్ 0.02 మి.మీ. తగ్గుతుంది. బిగుతు చాలావరకు మాయమై, చేత్తో పెట్టినంత తేలిగ్గా దిగుతుంది. ప్రెస్ చివర్లో నిటారుగా కూర్చోబెట్టడానికే. బెడ్‌ను పని వస్తువు ర్యామ్‌కి దగ్గరగా వచ్చేలా పైకి ఎత్తి పెట్టండి, ఊపులు తగ్గుతాయి. బరువు సరిగ్గా మధ్యలో ఉందో లేదో ముందు నుంచీ పక్క నుంచీ చూసి, ఆ తరవాతే హ్యాండిల్ పట్టుకోండి. బేరింగ్ అడుగుకి ఆనగానే గేజ్ ముల్లు ఒక్కసారి లేస్తుంది. అక్కడే ఆపండి.

తుప్పు పట్టిన హబ్ మొండికేస్తే ఒత్తిడి కొంచెం పెట్టి ఉంచి, తుప్పు వదిలించే నూనె చల్లి, రాత్రంతా వదిలేయండి. పొద్దున ‘టప్’ అని చప్పుడుతో దానంతట అదే కదలడం నేను రెండుసార్లు చూశాను. ఆ చప్పుడు వచ్చేటప్పుడు ఎదురుగా ఎవరూ ఉండకూడదు. కాబట్టి రాత్రి షెడ్డు తాళం వేయండి.

నూనె సంగతి. హైడ్రాలిక్ ఆయిల్ 32 లేదా 46 గ్రేడు, తయారీదారు ఏది చెబితే అది. బ్రేక్ ఆయిల్ పోస్తే రబ్బరు సీళ్ళు ఉబ్బి పాడవుతాయి. నూనె తెల్లగా పాలలా మారితే నీళ్ళు కలిసినట్టు, మార్చేయండి. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి చోట్ల సముద్రపు గాలికి ర్యామ్ మీది క్రోమ్ కింద చుక్కలు పడతాయి. ఆ చుక్కలే సీళ్ళను కోస్తాయి. పని అయ్యాక ర్యామ్‌ను పూర్తిగా లోపలికి పంపి, కనిపించే భాగాన్ని నూనె గుడ్డతో తుడిచి, పైన పాత సైకిల్ ట్యూబు ముక్క తొడగండి.